పిస్టల్ ఎందుకు మొరాయిస్తుంది?
ఇంట్లో నింపిన తూటాల వెనుక ఉన్న భౌతికశాస్త్రం

సినిమాలో పోలీసు ఇన్‌స్పెక్టర్ పిస్టల్ పేల్చడం మీరు చాలాసార్లు చూసే ఉంటారు. చప్పుడు మీద ధ్యాస పెట్టకుండా పిస్టల్‌నే గమనిస్తే ఒక సంగతి కనిపిస్తుంది. పేలిన ప్రతిసారీ దాని పైభాగం మెరుపులా వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకొస్తుంది. ఆ క్షణంలోనే కుడి పక్క నుంచి ఒక ఇత్తడి గొట్టం గాలిలోకి ఎగిరి కింద పడుతుంది. ఆ గొట్టాన్ని బయటికి విసిరింది ఎవరు? తర్వాతి తూటాను లోపలికి తోసింది ఎవరు? ఇన్‌స్పెక్టర్ చేసిందల్లా ట్రిగ్గర్ నొక్కడమే. పిస్టల్‌లో మోటారు లేదు, బ్యాటరీ లేదు. మరి ఇంత పనికీ శక్తి ఎక్కడిది?

నాతో పాటు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఉద్యోగరీత్యా అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడిన మిత్రుడొకడు ఈ ప్రశ్నను నా ముందుకు తెచ్చాడు. అక్కడ గురి పోటీలకు వెళ్ళేవారిలో చాలామంది ఖర్చు తగ్గుతుందనీ, తమ చేతికి తగ్గట్టు ఉంటాయనీ తూటాలను ఇంట్లోనే నింపుకుంటారు. ఖాళీ గొట్టాలను ఏరుకొచ్చి, శుభ్రం చేసి, కొత్త మందు, కొత్త గుండు పెట్టుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. అక్కడ అది చట్టబద్ధమైన వ్యాపకం. మా వాడు ఫోన్లో అన్నాడు: "ఒరేయ్, కంపెనీ తూటాలతో గడియారంలా నడిచే పిస్టల్, నేను నింపినవి పెడితే పదింటిలో రెండు మూడు సార్లు ఇరుక్కుంటోందిరా. పిస్టల్ పాడైందంటావా?"

పిస్టల్ పాడవలేదు. అయితే ఎందుకు ఇరుక్కుంటోందో తెలియాలంటే అది ఎలా నడుస్తుందో ముందు తెలియాలి.

తూటాలో ఏముంది?

తూటాకు నాలుగు భాగాలు. బయట కనిపించే ఇత్తడి తొడుగు ఒకటి. దాని అడుగున, నడి మధ్యలో చిన్న బిళ్ళలా ఉండే ప్రైమర్ రెండోది. లోపల ఉండే పొగరాని మందు మూడోది. తొడుగు మూతికి బిగించి ఉండే గుండు నాలుగోది. ట్రిగ్గర్ నొక్కితే సూది లాంటి ఒక మొన ప్రైమర్‌ను కొడుతుంది. దీపావళి నాడు పిల్లలు రాయితో కొట్టే కేపుల్లాగే అందులోని మందు దెబ్బకు మండుతుంది. ఆ నిప్పు పెద్ద మందుకు అంటుకుంటుంది. మందు వాయువుగా మారి, పీడనం పెరిగి, గుండును గొట్టంలోంచి తోసేస్తుంది.

ప్రపంచంలో అత్యధికంగా వాడే 9 ఎం.ఎం. పిస్టల్ తూటానే ఉదాహరణగా తీసుకుందాం. జర్మనీలో జార్జ్ లూగర్ 1902 ప్రాంతంలో దీన్ని రూపొందించాడు. మన సైన్యానికి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారు చేసిన పిస్టల్‌లో వాడేదీ ఇదే కొలత తూటా. దీని తొడుగు పొడవు 19.15 మిల్లీమీటర్లు. గుండుతో కలిపి మొత్తం పొడవు 29.69 మిల్లీమీటర్లు మించకూడదు. లోపలి మందు సాధారణంగా అర గ్రాముకు లోపే. అంత కొద్ది మందూ మండినప్పుడు పుట్టే పీడనానికి ఐరోపా ప్రమాణాలు పెట్టిన పరిమితి 235 మెగాపాస్కల్స్. అంటే మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి రమారమి 2,300 రెట్లు! ఈ అంకెను గుర్తుంచుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

వెనక్కి తన్నే తన్నే ఇంధనం

తుపాకీ పేలితే వెనక్కి తన్నుతుందని అందరికీ తెలుసు. ఇది న్యూటన్ మూడవ నియమం. గుండు ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతే, తుపాకీ అంత ద్రవ్యవేగంతో వెనక్కి వస్తుంది. శతాబ్దాల తరబడి మనిషి ఈ తన్నును భుజం నొప్పి తెచ్చే బెడదగానే చూశాడు. వృథాగా పోయే ఆ తన్నుతోనే తుపాకీని మళ్ళీ నింపవచ్చునని 1880లలో హైరం మాక్సిం నిరూపించాడు. ఆయన 1884లో చేసిన మెషీన్‌గన్ ఈ సూత్రం మీదే నడిచింది. అదే సూత్రాన్ని చేతిలో ఇమిడే పిస్టల్‌కు అన్వయించినవారిలో ప్రముఖుడు అమెరికన్ రూపకర్త జాన్ బ్రౌనింగ్. ఆయన చేసిన పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911 మార్చిలో స్వీకరించింది. అంతకు ముందు జరిగిన పరీక్షలో అది ఆగకుండా 6,000 తూటాలు పేల్చింది. నేటి పిస్టళ్ళలో ఎక్కువ భాగం ఆయన వేసిన బాటలోనే నడుస్తున్నాయి.

ఆ ఏర్పాటు ఇలా ఉంటుంది. పిస్టల్ పైభాగంలో వెనక్కీ ముందుకీ జరిగే బరువైన ఉక్కు భాగాన్ని స్లైడు అంటారు. పేలే క్షణంలో స్లైడు, గొట్టం ఒకదానికొకటి గొళ్ళెం పెట్టినట్టు పట్టుకుని ఉంటాయి. గుండు ముందుకు కదలగానే ఈ రెండూ కలిసి వెనక్కి కదులుతాయి. రెండు మూడు మిల్లీమీటర్లు జరిగాక గొట్టం వెనక కొస కిందికి వంగి గొళ్ళెం విడిపోతుంది. ఆ పాటికి గుండు బయటికి వెళ్ళిపోయి ఉంటుంది, లోపలి పీడనం పడిపోయి ఉంటుంది. గొట్టం అక్కడే ఆగిపోతుంది. స్లైడు మాత్రం తన ఊపుతోనే వెనక్కి పరుగు తీస్తుంది. పోతూ పోతూ దాని కొక్కెం ఖాళీ తొడుగును గొట్టంలోంచి లాగుతుంది. వెనక ఉన్న చిన్న ఇనుప మొన ఆ తొడుగును పక్కకు ఎగరగొడుతుంది. పనిలో పనిగా స్లైడు ఒక స్ప్రింగును నొక్కుతుంది. ఇప్పుడు స్ప్రింగు వంతు. అది స్లైడును ముందుకు తోస్తుంది. స్లైడు వస్తూ వస్తూ మ్యాగజైన్ పైన ఉన్న తూటాను గొట్టంలోకి తోసి, మళ్ళీ గొళ్ళెం పడుతుంది. ఇదంతా సెకనులో పదో వంతు కన్నా తక్కువ కాలంలో ముగుస్తుంది.

అంటే తూటా పని గుండును విసరడంతో అయిపోదు. యంత్రాన్ని ఒక చుట్టు తిప్పడం కూడా దాని పనే. కారుకు పెట్రోలు వేరు, పిస్టను వేరు. ఇక్కడ తూటాయే పెట్రోలు, తూటాయే యంత్రంలో ఒక భాగం. ఇంట్లో తూటా నింపేవాడు తనకు తెలియకుండానే ఆ యంత్ర భాగాన్ని తయారు చేస్తున్నాడు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక చిన్న లెక్క

8 గ్రాముల గుండు సెకనుకు 350 మీటర్ల వేగంతో వెళుతోందనుకుందాం. కంపెనీ తూటాలు దాదాపు ఇలాగే ఉంటాయి. దాని ద్రవ్యవేగం 0.008 × 350, అంటే 2.8 యూనిట్లు. స్లైడు, గొట్టం కలిసి 450 గ్రాములనుకుంటే అవి వెనక్కి వచ్చే వేగం 2.8 ÷ 0.45, అంటే సెకనుకు సుమారు 6.2 మీటర్లు. వాటి గతిజ శక్తి సుమారు 8.7 జౌళ్ళు. అదే సమయంలో గుండు గతిజ శక్తి 490 జౌళ్ళు! మొత్తం సంత తిరిగి సరుకంతా గుండు పట్టుకుపోతే, యంత్రం నడవడానికి దక్కేది ఆ 490తో పోలిస్తే 2 శాతం కూడా లేదు. (మందు వాయువులు ఇచ్చే కొద్దిపాటి తోపును ఈ లెక్కలో వదిలేశాను.)

ఆ కాస్త శక్తితోనే తొడుగును లాగాలి, ఎగరగొట్టాలి, స్ప్రింగును నొక్కాలి, సుత్తిని ఎక్కుపెట్టాలి, రాపిడిని తట్టుకోవాలి. పైగా గొట్టం ఆగిపోయినప్పుడు దాని వాటా శక్తి దానితోనే పోతుంది. కాబట్టి పిస్టల్ రూపకర్త ఎప్పుడూ కొంత మిగులు ఉంచుతాడు. దుమ్ము పడినా, నూనె ఆరినా ఆ మిగులే కాపాడుతుంది.

ఇప్పుడు గుండు వేగాన్ని కాస్త తగ్గిద్దాం. సెకనుకు 350 మీటర్ల బదులు 307 మీటర్లు. తగ్గింది 12 శాతమే. స్లైడు వేగం కూడా 12 శాతమే తగ్గి 5.5 మీటర్లకు వస్తుంది. కానీ గతిజ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కదా! అది 8.7 నుంచి 6.7 జౌళ్ళకు పడిపోయింది. అంటే 23 శాతం కోత. చేతికి "కొంచెం మెత్తగా ఉంది" అనిపించే తూటా, యంత్రానికి పావు వంతు జీతం కోసినట్టే.

మెత్తని తూటా మీద మోజు

307 అనే అంకెను నేను ఊరికే తీసుకోలేదు. 1976లో మొదలైన అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య పోటీల్లో 'పవర్ ఫ్యాక్టర్' అనే నియమం ఉంది. గుండు బరువును గ్రెయిన్లలో తీసుకుని, అడుగుల్లో కొలిచిన వేగంతో హెచ్చించి, వెయ్యితో భాగించాలి. జవాబు కనీసం 125 ఉండాలి. గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. మన కంసాలులు తూచే గురిగింజ ఎత్తులో రమారమి సగం. ఈ పవర్ ఫ్యాక్టర్ మనం పైన లెక్కించిన ద్రవ్యవేగమే, వేరే యూనిట్లలో ఉందంతే. 8 గ్రాముల గుండు ఈ గీత దాటాలంటే సెకనుకు సుమారు 309 మీటర్ల వేగం కావాలి, అంటే 307కు కాస్త పైన.

పోటీదారుకు తన్ను తక్కువైతే మేలు. చెయ్యి కదలదు, రెండో గురి త్వరగా కుదురుతుంది. అందుకే చాలామంది ఆ గీతను తాకీ తాకనట్టు తూటాలు నింపుకుంటారు. కానీ ఏ తన్నును తగ్గించాలని చూస్తున్నారో ఆ తన్నే పిస్టల్‌కు కూడు. మా వాడు చేసింది సరిగ్గా ఇదే. కంపెనీ పిస్టల్, కంపెనీ స్ప్రింగు, మెత్తని మందు.

మెత్తని తూటాతో పిస్టల్ నడవదని కాదు. దానికి తగ్గట్టు యంత్రాన్ని కట్టాలి. ఒలింపిక్ తరహా సెంటర్ ఫైర్ పోటీల్లో .32 బోరు తూటాలు వాడతారు. వాటిలో గుండు మొనదేలి ఉండదు. బల్లపరుపు ముఖంతో, తొడుగు అంచుతో సమంగా లోపలికి దిగి ఉంటుంది. తన్ను చాలా తక్కువ. ఆ పోటీ పిస్టళ్ళను ఆ తూటా కోసమే రూపొందిస్తారు. మన జస్పాల్ రాణా 1994లో హిరోషిమా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిందీ, 2006లో దోహాలో 590 పాయింట్లతో అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసిందీ ఈ సెంటర్ ఫైర్ విభాగంలోనే.

ఎక్కడ ఆగిందో చూడండి

కుట్టు మిషను సరిగా కుట్టకపోతే అనుభవమున్న మెకానిక్ వెంటనే మిషను విప్పడు. ముందు గుడ్డను తిరగేసి కుట్టు చూస్తాడు. అడుగున దారం ఉండలు కట్టిందా, పైన వదులైందా అన్నదాన్ని బట్టి లోపం ఎక్కడో చెబుతాడు. తర్వాత "దారం ఏది వాడుతున్నారమ్మా?" అని అడుగుతాడు. పిస్టల్ విషయంలోనూ పద్ధతి ఇదే. స్లైడు ఎక్కడ ఆగిందో చూస్తే లోపం సగం దొరికినట్టే.

మొదటి రకం: ఖాళీ తొడుగు పూర్తిగా బయటికి రాకుండా, స్లైడుకూ గొట్టానికీ మధ్య పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుపోతుంది. స్లైడు వెనక్కి కావలసినంత వేగంగా రాలేదన్నమాట. మందు తక్కువ కావచ్చు, స్ప్రింగు మరీ గట్టిది కావచ్చు, కొక్కెం అరిగి ఉండవచ్చు. పట్టు వదులైనా ఇలాగే జరుగుతుంది. స్లైడు వెనక్కి పోవాలంటే పిస్టల్ కింది భాగం స్థిరంగా ఉండాలి. చెయ్యి కూడా వెనక్కి పోతే రెండూ కలిసి నడుస్తాయి, వాటి మధ్య తేడా తగ్గిపోతుంది. కదిలే పడవ మీద నిలబడి బరువు తోసినట్టే.

దీనికన్నా ముందే కనిపించే సూచనలు రెండున్నాయి. మామూలుగా రెండు మూడు మీటర్ల దూరం పడే తొడుగులు కాళ్ళ దగ్గరే పడుతుంటాయి. అలాగే, మ్యాగజైన్ ఖాళీ కాగానే వెనకే ఆగి ఉండవలసిన స్లైడు ఆగకుండా మూసుకుపోతుంది. ఆ ఆగే మెట్టు ప్రయాణం చివర ఉంటుంది కాబట్టి శక్తి చాలకపోతే ముందు తప్పేది అదే. అందుకే మ్యాగజైన్‌లో ఒకే ఒక్క తూటా పెట్టి పేల్చి చూడటం మంచి పరీక్ష. స్లైడు వెనక ఆగిందా, శక్తి సరిపోయింది. ఆగలేదా, సందేహించాలి.

రెండో రకం: స్లైడు ముందుకొచ్చింది కానీ చివరి రెండు మిల్లీమీటర్లు మూసుకోలేదు. ఇది శక్తి లోపం కాదు, కొలత లోపం. గుండు పెట్టడానికి వీలుగా తొడుగు మూతిని ముందు కాస్త వెడల్పు చేస్తారు. గుండు కూర్చున్నాక ఆ వెడల్పును మళ్ళీ నొక్కెయ్యాలి. అది మిగిలిపోతే తూటా గదిలో పట్టదు. పాత తొడుగు అడుగున ఉబ్బి ఉన్నా, గుండు మరీ ముందుకు ఉండి గొట్టంలోని మరలను తాకుతున్నా ఇదే ఫలితం. మూతిని అతిగా నొక్కినా తప్పే. 9 ఎం.ఎం. తూటా గదిలో ఎంతవరకు దిగాలో నిర్ణయించేది ఆ మూతి అంచే. అది గుండులోకి ముడుచుకుపోతే తూటా కావలసిన దానికన్నా లోపలికి జారుతుంది.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. పిస్టల్ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, గొట్టాన్ని విప్పి చేత్తో పట్టుకుని, తూటాను అందులోకి వదలాలి. 'టక్'మని దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బోర్లిస్తే తనంతట తాను జారి పడాలి. ఈ మూడూ జరగని తూటా పిస్టల్‌లోకి వెళ్ళకూడదు.

మూడో రకం: మ్యాగజైన్ నుంచి వచ్చే తూటా ముక్కు కిందికి దించి ఇరుక్కుంటుంది. పొడవు తక్కువైనా, గుండు ఆకారం నప్పకపోయినా, మ్యాగజైన్ పెదవులు వంగినా, దాని స్ప్రింగు అలసిపోయినా ఇలా అవుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అలా గుద్దుకున్నప్పుడు వదులుగా బిగించిన గుండు తొడుగులోకి ఇంకా దిగిపోవచ్చు. లోపలి ఖాళీ తగ్గితే మందు మండే వేగం పెరిగి పీడనం ప్రమాదకరంగా ఎగబాకుతుంది. ఒకసారి గుద్దుకున్న తూటాను మళ్ళీ వాడకపోవడమే క్షేమం.

నాలుగో రకం: మొన తగిలిన గుర్తు ఉంది కానీ తూటా పేలలేదు. రెండోసారి కొడితే పేలింది. చాలాసార్లు దీనికి కారణం ప్రైమర్ గుంటలో పూర్తిగా దిగకపోవడం. మొదటి దెబ్బ దాన్ని కూర్చోబెట్టడానికే సరిపోయింది. పేలని ఏ తూటా విషయంలోనైనా గొట్టాన్ని సురక్షితమైన వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. నిప్పు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది.

ఒక్కసారికి ఒక్క మార్పే

మా వాడు అప్పటికే స్ప్రింగు మార్చాలని, మందు పెంచాలని, కొత్త మ్యాగజైన్ కొనాలని అన్నీ ఒకేసారి నిర్ణయించుకున్నాడు. అలా చేస్తే పిస్టల్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. ప్రయోగశాలలో మేమిద్దరం నేర్చుకున్న మొదటి పాఠం గుర్తు చేశాను: మిగతావన్నీ స్థిరంగా ఉంచి ఒక్కదాన్నే మార్చు.

అతను మ్యాగజైన్లకు నంబర్లు వేశాడు. కంపెనీ తూటాలు 50 పేల్చాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. పిస్టల్, పట్టు, మ్యాగజైన్లు మూడూ నిర్దోషులని తేలింది. తర్వాత తన తూటాలు 50. ఏ మ్యాగజైన్‌లో పెట్టినా ఆగుతోంది, తొడుగులు కాళ్ళ దగ్గరే పడుతున్నాయి. ఒక్క తూటా పరీక్షలో స్లైడు సగం సార్లు వెనక ఆగలేదు. ఇక సందేహం లేదు. మందు తయారీదారు ప్రచురించిన పట్టికలో తన గుండుకు ఇచ్చిన కనిష్ఠానికి కూడా దిగువన ఉన్నాడతను. మెత్తదనం కోసం తనే ఇంకాస్త తగ్గించుకున్నాడు. పట్టిక హద్దుల్లోకి తిరిగి వచ్చి, కొద్ది కొద్దిగా పెంచుతూ ప్రతి మెట్టులోనూ పరీక్షించాడు. ఇరుక్కోవడం ఆగింది.

స్ప్రింగును మెత్తబరచి కూడా ఇదే ఫలితం సాధించవచ్చు. కానీ దానికో మూల్యం ఉంది. ఆ తర్వాత ఎప్పుడైనా గట్టి తూటాలు వాడితే స్లైడు వెనక గోడను సుత్తిలా కొడుతుంది. ముందుకొచ్చే ఊపు కూడా తగ్గి, మూసుకోకపోవడమనే రెండో రకం చిక్కు మొదలవుతుంది.

ఎక్కువైనా ముప్పే

శక్తి తక్కువైతేనే యంత్రం ఆగుతుందనుకుంటే పొరపాటు. ఒక దేశపు సైన్యం ఈ పాఠాన్ని ప్రాణాలు పెట్టి నేర్చుకుంది. 1960లలో వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికులకు కొత్తగా ఎం-16 రైఫిళ్ళు ఇచ్చారు. రూపకర్తలు వాటిని పుల్లల్లాంటి రేణువులున్న ఒక రకం మందుతో పరీక్షించి సిద్ధం చేశారు. తర్వాత సైన్యం తూటాల్లోని మందును గుండ్రటి రేణువుల రకానికి మార్చింది. గుండు వేగం అనుకున్నంతే వచ్చింది. కానీ రైఫిల్‌ను నడిపే వాయు పీడనం తీరు మారిపోయింది. యంత్రం రూపకర్తలు అనుకున్న దానికన్నా వేగంగా తిరగసాగింది. మసి కూడా ఎక్కువైంది. తొడుగు గోడలను ఇంకా వదలక ముందే కొక్కెం దాన్ని లాగబోయేది. తొడుగు గదిలోనే ఉండిపోయేది. అడవి తేమకు గదికి తుప్పు పట్టడం, శుభ్రపరిచే సరంజామా సరిగా అందకపోవడం దీనికి తోడయ్యాయి. ఇరుక్కుపోయిన రైఫిళ్ళ పక్కనే సైనికులు చనిపోయారు. అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం రిచర్డ్ ఇకార్డ్ అధ్యక్షతన విచారణ జరిపి 1967 అక్టోబరులో ఇచ్చిన నివేదికలో మందు మార్పును తీవ్రంగా తప్పుపట్టింది. తర్వాత గదికి క్రోమియం పూత పూశారు, వేగాన్ని అదుపు చేసే భాగాన్ని మార్చారు, శుభ్రపరిచే సామగ్రి అందించారు.

అది రైఫిల్, ఇది పిస్టల్. అది వాయువుతో నడుస్తుంది, ఇది తన్నుతో నడుస్తుంది. నీతి మాత్రం ఒక్కటే. తూటా మారిస్తే యంత్రాన్ని మార్చినట్టే.

'టుప్'

ఇక మొదట గుర్తుంచుకోమన్న అంకె దగ్గరికి వద్దాం.

పిస్టల్ బాగుపడిన నెల రోజులకు మా వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో హుషారు లేదు. మైదానంలో వరసగా పేలుస్తుండగా ఒక తూటా 'ఢాం' అనకుండా 'టుప్' అంది. స్లైడు కదలలేదు. వేగంగా పేలుస్తున్నవాడికి అలవాటు కొద్దీ చేతులు వాటంతట అవే పనిచేస్తాయి. స్లైడును వెనక్కి లాగి, కొత్త తూటా ఎక్కించి, మళ్ళీ నొక్కడం. అతని చెయ్యి స్లైడు మీదికి వెళ్ళింది కూడా. ఆగాడు. పిస్టల్ ఖాళీ చేసి, గొట్టం విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. అవతలి వెలుగు కనిపించలేదు. గుండు గొట్టం మధ్యలో కూర్చుని ఉంది.

ఆ తూటాలో మందే లేదు. ప్రైమర్ ఒక్కటి చాలు, గుండును తొడుగులోంచి గొట్టంలోకి నెట్టడానికి. బయటికి పంపడానికి మాత్రం చాలదు. దాని వెనక మరో తూటా పేలి ఉంటే? రెండో గుండు మొదటిదాన్ని గుద్దుకుంటుంది. మండుతున్న వాయువుకు పోయే దారి ఉండదు. వాతావరణ పీడనానికి 2,300 రెట్లనేది గొట్టం తెరిచి ఉన్నప్పటి పరిమితి. మూసుకుపోయిన గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. వేళ్ళూ కళ్ళూ దానికి జానెడు దూరంలోనే ఉంటాయి.

మందు లేని తూటా ఎలా తయారైంది? రాత్రి గ్యారేజీలో నింపుతుండగా మధ్యలో ఫోన్ మోగిందట. మాట్లాడి వచ్చి, ఆ తొడుగులో మందు పోశాననుకుని గుండు బిగించేశాడు. నేను తారీఖు అడిగాను. ఆ రాత్రి ఫోన్ చేసింది నేనే.

దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకా ఘోరమైనది. పోసినట్టు గుర్తులేక రెండోసారి పోయడం. పిస్టల్ మందు కొలత చిన్నది కావడంతో కొన్ని రకాలు రెండు కొలతలు పోసినా తొడుగులోంచి పొంగి పొర్లవు. పైకి తెలియదు. అందుకే అనుభవజ్ఞులు గుండు పెట్టే ముందు ప్రతి తొడుగులోకీ దీపం పెట్టి తొంగి చూస్తారు. మధ్యలో లేవవలసి వస్తే సగంలో ఉన్న తొడుగులన్నీ ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెడతారు. మా వాడు ఇప్పుడు ఫోన్‌ను ఇంట్లో వదిలి గ్యారేజీలోకి వెళతాడు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఆ రోజు అతన్ని కాపాడింది పిస్టల్ మొరాయించడమే. స్లైడు దానంతట అది నడిచి ఉంటే తర్వాతి తూటా గదిలోకి వచ్చేసేది, వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. శక్తి చాలని తూటా యంత్రాన్ని నడపలేదు, కాబట్టి యంత్రం ఆగి చెప్పింది. అంతకు ముందు నెల రోజులు విసిగించిన లోపం, ఈ హెచ్చరిక రెండూ ఒకే సూత్రం నుంచి వచ్చాయి. తేడా ఏమిటంటే ఈసారి అతను విన్నాడు.

మన సంగతి

ఇది చదివి ప్రయత్నించి చూడాలనుకునేవారికి ఒక మాట. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 9 ఎం.ఎం. పిస్టల్ మామూలు పౌరులకు నిషిద్ధమైన కోవకు చెందుతుంది. పల్లెల్లో నాటు తుపాకీలో మందు కూరుతూ చేతులు పోగొట్టుకున్నవారి వార్తలు మనకు కొత్త కావు. అక్కడా ఇక్కడా శత్రువు ఒకటే: కొలత లేని మందు, మూసుకుపోయిన గొట్టం.

అయితే ఇందులో నేర్చుకోవలసింది తుపాకీ లేనివారికీ ఉంది. మీ ఇంట్లో మిక్సీ కావచ్చు, మోటారు పంపు కావచ్చు, నడుస్తూ నడుస్తూ ఆగితే మనం మొదట చేసే పని స్విచ్ మళ్ళీ నొక్కడం. ఇకపై నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఎక్కడ ఆగింది, ఏ చప్పుడుతో ఆగింది, ఆఖరుసారి మీరు మార్చింది ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే స్విచ్ మీద చెయ్యి వెయ్యండి.